తిరగేసిన కార్డు

విద్యాసాగర్ తాతయ్య మెడలో కార్డు ఎప్పుడు చూసినా లోకానికి వీపు చూపిస్తూనే వేలాడుతుంది. ఏసీ గాలికి తిరిగినా, కుర్చీలోంచి లేచేటప్పుడు తిరిగినా, ఆయన బొటనవేలు వెంటనే వెళ్ళి దాన్ని మళ్ళీ బోర్లా తిప్పేస్తుంది. మిగతా తొమ్మిది వేళ్ళూ కాలేజీ పని చేస్తే, ఆ ఒక్క వేలు మాత్రం ఇన్నేళ్ళుగా ఈ పని మీదే ఉంది. కార్డు ముందువైపున ఆయన ఫోటో ఉంది, పేరు ఉంది, పేరు కింద రెండు మాటలున్నాయి. ఆఫీస్ బాయ్.

ఆ బాయ్‌కి ఈ మధ్యే అరవై ఒకటి నిండాయి. నాలుగు మెట్లెక్కితే మోకాళ్ళు మూలుగుతాయి. తల మీద మిగిలిన వెంట్రుకల్ని ఎడమ చెవి దగ్గర్నుంచి కుడి చెవి దాకా పొదుపుగా సర్దుకుంటాడు. అయినా కార్డు లెక్కలో ఆయన బాయే.

ఇందులో తాతయ్య తప్పేమీ లేదు. ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం నరసాపురంలో బీకాం పట్టా పట్టుకుని బొంబాయి ఏజెంటు ముందు కూర్చుంటే, అతను కాగితాలు తిరగేసి, "ఫరాష్ వీసా ఒక్కటే ఖాళీ ఉంది. ఆఫీసులో టీలు అందించే పని. కావాలా, టైలర్ వీసా వచ్చేదాకా ఆగుతావా?" అన్నాడు. తాతయ్యకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. టీ అయితే గ్లాసులో పోస్తే చాలు. అలా ఫరాష్ అయ్యాడు. ఖతర్‌లో ఇదేమీ వింత కాదు. ఏ వీసా ఖాళీ ఉంటే ఆ మనిషై దిగుతారు. తర్వాత చేసే పని వేరే. కాలేజీ గేటు దగ్గర కాపలా కాసే జగిత్యాల భూమేష్ కార్డు మీద కార్పెంటర్ అని ఉంటుంది. అతను ఉలి పట్టిన పాపాన పోలేదు.

తాతయ్య మొదటి మూడేళ్ళు నిజంగానే టీలు మోశాడు. తర్వాత ఆఫీసు టైపిస్టు చెల్లెలి పెళ్ళికని కేరళ వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ కుర్చీలో రెండు రోజులు కూర్చోమన్నారు. తాతయ్య ఇప్పటిదాకా లేవలేదు. యజమాని వ్యాపారం మానేసి మదీనత్ ఖలీఫా పేటలో రెండు విల్లాలు కలిపి నర్సింగ్ కాలేజీ పెట్టినప్పుడు, బీరువాలతో పాటు తాతయ్య కూడా అక్కడికి మారాడు. ఇప్పుడు పంతుళ్ళ ఫైళ్ళన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. ఎవరు ఎప్పుడు చేరారో, ఎవరి వీసా ఎప్పుడు అయిపోతుందో కంప్యూటర్ కంటే ముందు ఆయనే చెబుతాడు. కుర్చీ ఎక్కిన రోజు నుంచి మాత్రం టీ కెటిల్ ముట్టుకోలేదు. ఎండాకాలంలో గొంతు ఎండిపోయినా సరే, ఆఫీసులో తనకోసం కూడా తాను టీ పోసుకోడు. అదొక ఒట్టు.

గేటు దగ్గర భూమేష్ రోజూ పొద్దున్నే బూటు నేలకు కొట్టి, "నమస్తే ఆఫీసర్ సాబ్" అంటాడు. సెలవు రోజైన శుక్రవారం చర్చిలో తెలుగువాళ్ళంతా ఆఫీసర్ గారూ అనే పిలుస్తారు. నరసాపురంలో అయితే సరేసరి. అమ్మమ్మ జయకుమారి ఇరవై ఐదేళ్ళుగా అదే మాట ఊరంతా చాటింది. అక్టోబరు చివరికి తాతయ్య రిటైర్ అయి ఊరికి వెళ్ళిపోవాలి. అక్కడి చర్చి బడి కమిటీలో రిటైరైన ఆఫీసర్లకు ఒక కుర్చీ ఉంది. పాస్టరు గారు ఆ కుర్చీ తాతయ్యకే అని చెప్పి, సర్వీస్ సర్టిఫికెట్ కాపీ ఒకటి పట్టుకు రమ్మన్నారు.

అక్కడే పడింది ముడి. కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్లో కార్డు మీద ఏ హోదా ఉంటే అదే దిగుతుంది.

ఈ సంగతి తెలియని అమ్మమ్మ, ఊరి నుంచి వచ్చి ఉంటున్న అల్ హిలాల్ పేటలోని కూతురు రెజీనా ఫ్లాట్‌లో, హాలు గోడకు బంగారు రంగు ఫ్రేము ఒకటి ముందే తగిలించేసింది. లోపల ఏమీ లేదు. రోజూ భోజనం చేస్తూ తాతయ్య ఆ ఖాళీ ఫ్రేముకు ఎదురుగా కూర్చోవాలి.

"సైజు సరిపోద్దాండీ?" అంటుంది అమ్మమ్మ.

"ముందు సర్టిఫికెట్ రానీయవే బాబూ" అని తాతయ్య పులుసులో తల దూర్చేస్తాడు.

* * *

మే నెలలో పర్సనెల్ మేనేజర్ ఖాసీం పిలిచాడు. ఖాసీంది హైదరాబాద్. తాతయ్య కంటే ఇరవై ఏళ్ళు చిన్న. తాతయ్య కార్డు అసలు ముఖం ఎలా ఉంటుందో ఆఫీసులో తెలిసింది ఖాసీం ఒక్కడికే అని తాతయ్య నమ్మకం.

"చాచా, నార్వే నుంచి ఆరుగురు టీచర్లు వస్తున్నరు. రెండేండ్లు ఉంటరు. ఇగో వాళ్ళ లిస్టు. మన ఫారంల హోదాకు ఐదు డబ్బాలున్నయ్. ఎవర్ని ఏ డబ్బాల వెయ్యాలో చూసి వేసెయ్. ఫైల్ సాఫ్‌గ మూస్తే నీ హోదా మార్పు కాగితం నేనే సంతకం చేసి పైకి పంపుతా. అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్. అక్టోబర్ పదిహేను లోపల పోవాలె. ఖల్లాస్."

తాతయ్య ఆ రోజు గాలిలో తేలుతూ ఇంటికొచ్చాడు. మర్నాడు లిస్టు తెరిచాడు. నేల మీద పడ్డాడు.

కాలేజీ ఫారంలో డబ్బాలు తిన్నగా ఉన్నాయి. పైన ప్రొఫెసర్, కింద అసోసియేట్, దాని కింద అసిస్టెంట్, తర్వాత లెక్చరర్, అడుగున సహాయకుడు. ఒకే నిచ్చెన. నార్వేవాళ్ళ లిస్టులో ఒక్క మాటా ఆ నిచ్చెన మీద నిలబడలేదు. ఇద్దరి పేర్ల పక్కన ఫోర్స్టె అమనుయెన్సిస్ అని ఉంది. వాళ్ళ అక్షరం ఒకటి కాలేజీ కంప్యూటర్‌కు నచ్చక, ఆ మాట మధ్యలో ప్రశ్నార్థకం పెట్టేసింది. తాతయ్య దాన్ని నాలుగుసార్లు చదివి, చర్చి అలవాటు కొద్దీ ఫస్ట్ ఇమ్మానుయేలు అని పేరు పెట్టుకున్నాడు. ఒకావిడ ఫోర్స్టె లెక్టర్. ఇంకొకతను ఉత్త లెక్టర్. ఇంకో కుర్రాడు స్టిపెండియాట్ అట. డాక్టరేట్ చదువుతున్నాడు. అయితే నెల జీతం ఉంది, పింఛను లెక్క ఉంది.

"స్టూడెంట్ అని రాసెయ్" అన్నాడు ఖాసీం.

"స్టూడెంట్‌కి పింఛనేంటండీ?"

"మరైతే స్టాఫ్ అని రాయి."

"స్టాఫ్ అయితే చదువుకోవడమేంటండీ?"

ఖాసీం ఫోన్ మోగింది. దేవుడు దయ తలిచాడన్నట్టు అతను లేచి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు తాతయ్య పెన్సిలు కొరికాడు. ఇంట్లో కూడా అదే గొణుగుడు. అమ్మమ్మకు విసుగొచ్చింది.

"ఏవండీ, వాళ్ళంతా పంతుళ్ళే కదా? పంతుళ్ళని రాసేసి అన్నం తినండి."

"పంతుళ్ళలో రకాలుంటాయే."

"ఏం రకాలో! మా నాన్న హెడ్మాస్టరు. మిగతావాళ్ళు మాస్టర్లు. ఆ రెండే."

అన్నిటికంటే పెద్ద చిక్కు లిస్టులో మొదటి పేరు. తూరిడ్ హౌగెన్. యాభై తొమ్మిదేళ్ళు. హోదా దగ్గర డోసెంట్ అని ఉంది. డాక్టరేట్ లేదు.

అడగాలంటే నార్వే కాలేజీకి ఒక మెయిల్ కొడితే చాలు. చిరునామా లిస్టు కిందనే ఉంది. కాని కంప్యూటర్ వాళ్ళు ఆరేళ్ళ క్రితం ఒక ఏర్పాటు చేశారు. బయటికి వెళ్ళే ప్రతి మెయిల్ కింద పంపినవాళ్ళ పేరూ, కార్డు మీది హోదా వాటంతటవే అతుక్కుంటాయి. చెరిపితే చెరగవు. ఆ ఆరేళ్ళలో తాతయ్య కాలేజీ గోడ దాటించి ఒక్క మెయిల్ కూడా పంపలేదు. అవసరమైనవన్నీ తాను రాసి ఖాసీం పేరు మీద పంపిస్తాడు. ఖాసీమేమో, "ఇంత చిన్న దానికి వాళ్ళను అడుగుడేంది, మనకు తెల్వదని చెప్పుకునుడా?" అన్నాడు.

దాంతో తాతయ్య మన తెలుగువాళ్ళు చేసే పనే చేశాడు. తెలిసినవాణ్ణి అడిగాడు. కాలేజీలో పాఠాలు చెప్పే డాక్టర్ ఆదిత్యది విజయవాడ, మెడిసిన్ చదివింది రష్యాలో.

"డోసెంటా అంకుల్? మాకు కాలేజీ నిండా వాళ్ళే. ప్రొఫెసర్ కింద ఉంటారు. అసోసియేట్ అనుకోండి" అన్నాడు ఆదిత్య సమోసా తింటూ.

రష్యా చల్లటి దేశం, నార్వే చల్లటి దేశం. తాతయ్యకు ఆ పోలిక చాలింది. డోసెంట్‌ను రెండో డబ్బాలో, ఫస్ట్ ఇమ్మానుయేలుల పక్కనే వేసి, పెన్సిలు మీద ఇంకు దిద్దేశాడు. ఫోర్స్టె లెక్టర్‌ను లెక్చరర్ల డబ్బాలోకి నెట్టాడు. చదువుకునే కుర్రాణ్ణి, ఇల్లు రాని అడుగు డబ్బాలో, సహాయకుడన్నాడు. హాయిగా ఊపిరి పీల్చుకుని, ఆ రాత్రి ఫ్రేము వైపు ధైర్యంగా చూస్తూ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

* * *

సెప్టెంబరులో నార్వేవాళ్ళు దిగారు. ఎండకు టమాటాల్లా ఎర్రబడి, ప్రతి ఒక్కరితో చేయి కలిపి, భూమేష్‌తో సహా అందరి పేర్లూ అడిగి గుర్తుపెట్టుకున్నారు. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం తాతయ్య పాంట్రీలో నీళ్ళు పట్టుకుంటుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు.

"విద్యాసాగర్, ఒక సంగతి అడగవచ్చా?"

తాతయ్య ఉలిక్కిపడ్డాడు. ఆయన్ని అలా ఒట్టి పేరుతో పిలిచిన చివరి మనిషి వాళ్ళమ్మ. తిరిగి చూస్తే తూరిడ్ హౌగెన్. పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, చేతిలో టీ కెటిల్‌తో నిలబడి ఉంది. తాతయ్య బొటనవేలు వెంటనే డ్యూటీకి వెళ్ళి కార్డు సరిగ్గా బోర్లా ఉందో లేదో చూసుకుంది.

"చెప్పండి డాక్టర్ హౌగెన్ మేడమ్" అన్నాడు, కాలేజీలో పంతుళ్ళందరినీ అన్నట్టే.

"నేను డాక్టర్‌ని కాను. మేడమ్ కూడా వద్దు. తూరిడ్ అనండి. మా దగ్గర కాలేజీ అధిపతిని కూడా పేరుతోనే పిలుస్తాం."

అంటూనే ఆమె రెండు కాగితం కప్పుల్లో టీ పోసి, ఒకటి ఆయన ముందు పెట్టింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఈ దేశంలో ఒక ఆఫీసర్ ఆయనకు టీ పోయడం అదే మొదలు.

ఆమె ఆంగ్లంలో నెమ్మదిగా చెప్పింది. ఒప్పందం కాగితాల మీద చూడకుండానే సంతకం పెట్టేసిందట. ఇప్పుడు నోటీసు బోర్డు చూస్తే కోర్సు అధిపతిగా ఎస్పెన్ పేరుంది. ఎస్పెన్ అంటే ఫస్ట్ ఇమ్మానుయేలుల్లో ఒకడు. ఆమె దగ్గరే చదువుకున్న కుర్రాడు. అతనే వచ్చి, ఇది పొరపాటు, నాకు వద్దు అన్నాడట. కాలేజీ రూలు ప్రకారం ప్రొఫెసర్ డబ్బాలో ఎవరూ లేకపోతే, రెండో డబ్బాలో డాక్టరేట్ ఉన్నవాళ్ళే అధిపతి.

"మీ డోసెంట్ ప్రొఫెసర్ కింద కదా మేడమ్?" అన్నాడు తాతయ్య.

ఆమె నవ్వలేదు. అలమరలోంచి కాగితం కప్పుల దొంతర దించి, బల్ల మీద ఒకదాని మీద ఒకటి పేర్చింది. మూడు కప్పులు ఒక వరస, పక్కనే ఇంకో మూడు ఇంకో వరస.

"మా దగ్గర మెట్లు రెండు వరసలు. అడుగున ఇద్దరూ లెక్టర్లే. ఈ వరస పరిశోధన చేసేవాళ్ళది. డాక్టరేట్ చేసి ఫోర్స్టె అమనుయెన్సిస్ అవుతారు, పైకెళ్తే ప్రొఫెసర్. ఈ రెండో వరస పని నేర్పేవాళ్ళది. ఫోర్స్టె లెక్టర్, ఆ పైన డోసెంట్. ఇప్పుడు పైనున్న రెండు కప్పులు చూడండి. ఏది ఎత్తు?"

తాతయ్య వంగి, కళ్ళు బల్ల మట్టానికి దించి చూశాడు. రెండూ సమానమే. టెన్త్ రెండుసార్లు రాసినవాళ్ళకు కూడా అర్థమయ్యేలా ఉంది. బీకాం చదివినాయనకే ఎక్కడం కష్టమైంది.

"మరి డాక్టరేట్ లేకుండా..."

"ఈ వరసలో అది అక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో పిల్లలకు నేర్పిన పని, రాసిన పుస్తకాలు, మార్చిన పాఠాలు అన్నీ కట్ట కట్టి పంపాను. ముగ్గురు కూర్చుని చదివి, సరే అన్నారు. లెక్టర్ నుంచి అక్కడికి చేరడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది." ఆమె ఒక గుటక తాగింది. "నన్నెవరూ డోసెంట్ అని పిలవక్కర్లేదు. కాని మన విద్యార్థుల వార్డు శిక్షణ కాగితాల మీద నా సంతకం చెల్లడం లేదు. ఎస్పెన్ సంతకం చెల్లుతుంది. అతనికి పరిశోధన లెక్కలు బాగా వచ్చు. సూది గుచ్చడం మానేసి పన్నెండేళ్ళయింది."

వెళ్తూ వెళ్తూ అడిగింది. "ఇది ఎవరికి రాయాలి విద్యాసాగర్? ఈ డబ్బాలు వేసింది ఎవరు?"

తాతయ్య టీ చల్లారిపోయింది. "కనుక్కుని చెప్తానండి" అన్నాడు.

* * *

ఆ సాయంత్రం భోజనం దగ్గర ఆయన చారును, ఉప్పును, ఫ్యాన్‌ను, రష్యాను వరసగా తిట్టాడు.

"రష్యా ఏం చేసిందండీ మిమ్మల్ని?" అంది అమ్మమ్మ.

తాతయ్య చెప్పలేదు. చెబితే మొత్తం చెప్పాలి. మెయిల్ ఎందుకు కొట్టలేదో చెప్పాలి. అది చెప్పాలంటే కార్డు తిప్పి చూపించాలి. తన హోదా దాచుకోవడానికి పోయి, ఇంకొకరి హోదా చెడగొట్టాడు. ఆవిడకు కాగితం మీద అన్నీ ఉన్నాయి, పిలుపు అక్కర్లేదంటోంది. ఈయనకు ఊరంతా పిలుపే, కాగితం మీద ఏమీ లేదు. ఒకళ్ళది ఒకళ్ళకు అరువిచ్చుకునే వీలుంటే ఎంత బాగుండును అనుకుంటూ గోడ మీది ఖాళీ ఫ్రేమును చూసి మరీ మండిపోయాడు.

మర్నాడు ఖాసీం ముందు నిలబడ్డాడు. ఖాసీం బల్ల మీద మూసివేత కాగితం సిద్ధంగా ఉంది. హోదాలన్నీ సరిచూశాను అనే వాక్యం కింద తాతయ్య సంతకం చేయాల్సిన గీత ఖాళీగా ఉంది. దాని పక్కనే ఇంకో కాగితం. హోదా మార్పు, విద్యాసాగర్, అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్. ఆ అక్షరాల మీంచి తాతయ్య బలవంతాన చూపు తిప్పుకున్నాడు.

"ఖాసీం గారూ, డోసెంట్ డబ్బా తప్పండి. పై డబ్బాలో వెయ్యాలి."

"ఎవరన్నరు?"

"ఆవిడే అన్నారండి."

"ఆమె అంటే అయిపోద్దా? పేపర్ కావాలె. నార్వే కాలేజీ రాసియ్యాలె. ఫైల్ మళ్ళ తెరవాలె, పైకి పోవాలె, నెల పడ్తది. చాచా, నీకేమన్న పిచ్చా? ఇయ్యాల ఏడు తారీఖు. పదిహేనుకు నీ కాగితం పోవాలె."

"తెలుసండి."

"తెలిసి కూడా?"

"అలా మూసేస్తే ఆవిడ సంతకం చెల్లదండి. పిల్లల కాగితాలండి అవి."

"ఆమె కంప్లయింట్ ఇచ్చిందా? ఇయ్యలే. తప్పని నాకు ఎర్క, నీకు ఎర్క. నువ్వు పోయినంక వచ్చేటోడు చూస్కుంటడు. సంతకం పెట్టు చాచా, యల్లా, జల్ది."

తాతయ్య పెన్ను తీశాడు. మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఆ పెన్ను పాపం ఆ పొద్దున నాలుగుసార్లు మూత పెట్టించుకుంది.

"మీ పేరు మీద ఒక మెయిల్ పంపండి చాలు, నేను రాసిస్తాను."

"నేను పంపను. మే నెలల ఎందుకు అడగలేదని నా మెడకు చుట్టుకుంటది. అంత సోకుంటే నువ్వే పంపుకో." ఖాసీం ఒక్క క్షణం ఆగి, తాతయ్య మెడలోని కార్డు వీపు వైపు చూశాడు. "కింద ఏం పడ్తదో యాదికున్నదిగా?"

ఆ మాటకు తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నం నమాజు వేళకు ఆఫీసు ఖాళీ అయింది. తాతయ్య కంప్యూటర్ ముందు కూర్చుని, తాను వేసిన డబ్బాలు సరైనవేనా అని నాలుగు వాక్యాలు రాసి, నింపిన లిస్టు జత చేశాడు. నలభై నిమిషాలు పట్టింది. కింద పేరు వచ్చింది, పేరు కింద ఆ రెండు మాటలు వచ్చాయి. చెరపబోయాడు. చెరగలేదు. అక్షరాలు తెల్లరంగులోకి మార్చబోయాడు. మారలేదు. చివరికి ఒక ఉపాయం తోచింది. ఉత్తరానికీ పేరుకూ మధ్య ఎంటర్ మీట ముప్ఫైసార్లు నొక్కాడు. పేరూ హోదా తెర అడుగు దాటి కిందికి జారి కనిపించకుండా పోయాయి. నార్వేవాళ్ళకు అంత కిందికి వెళ్ళి చూసే ఓపిక ఉండదని తనకు తాను చెప్పుకుని, కళ్ళు మూసుకుని, పంపేశాడు.

మూడో రోజుకల్లా జవాబు వచ్చింది. ప్రియమైన విద్యాసాగర్ అని మొదలైంది. అక్కడా ఒట్టి పేరే. రెండు పేజీల్లో రెండు వరసల మెట్లూ విడమర్చి చెప్పారు. డోసెంట్ ప్రొఫెసర్‌తో సమానమేనని ముద్ర వేసి పంపారు. అంతటితో ఆగారా? లిస్టంతా చూసి, ఫోర్స్టె లెక్టర్‌ను లెక్చరర్ల డబ్బాలో వేయడం కూడా తప్పేనని, ఆవిడ రెండో డబ్బా మనిషని, చదువుకునే కుర్రాడు పూర్తి ఉద్యోగస్థుడే కాబట్టి ఇల్లు ఇవ్వాలని కూడా రాశారు. అడిగింది ఒక తప్పు, దొరికినవి మూడు. మీ కాలేజీ నుంచి ఇంత శ్రద్ధగా అడిగింది మీరొక్కరే, కృతజ్ఞతలు అని ముగించారు.

కాపీ తూరిడ్‌కూ ఖాసీంకూ వెళ్ళింది. యజమాని ఆఫీసుకూ వెళ్ళింది. కింద తాతయ్య రాసిన ఉత్తరం కూడా అతికి వచ్చింది. ముప్ఫై ఖాళీ పంక్తులనూ ఎవరో సాపు చేసి పారేసినట్టున్నారు. ఉత్తరం చివరి వాక్యం కిందే, చక్కగా, నల్లగా, విద్యాసాగర్, ఆఫీస్ బాయ్.

ఖాసీం అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇప్పుడు నీ కాగితం ఎట్ల పంపాలె చాచా? ఫైల్ తెరిచి ఉన్నది. ఈ ఫైల్ చెడగొట్టింది ఎవరంటే నీ పేరు కనబడ్తది. ఆ మనిషికే ఆఫీసర్ ఇయ్యుమని నేను సంతకం పెట్టాలెనా?"

"ఇరవై తొమ్మిదేళ్ళు చేసిన పనండి ఖాసీం గారూ. ఒక్క ఫైలు కాదు."

"నాకు ఎర్కలేదా? కానీ పైనోళ్ళకు ఈ ఫైలే కనబడ్తది."

తాతయ్య తన బల్ల దగ్గరికొచ్చి, పిన్నులు అయిపోయిన స్టేప్లర్‌ను పది నిమిషాలు కొట్టాడు. పదిహేనో తారీఖు వచ్చింది, ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, చెప్పులు కూడా విప్పకుండా, కార్డు తిప్పి అమ్మమ్మకు చూపించాడు. జరిగిందంతా చెప్పాడు. అమ్మమ్మ కళ్ళజోడు తెచ్చుకుని రెండుసార్లు చదివింది.

"ఇన్నాళ్ళూ ఊళ్ళో ఎంత గొప్పగా చెప్పుకొచ్చానండీ! ఇప్పుడు పాస్టరు గారికి ఏం చెప్పను?"

"ఆఫీస్ దాకా చదివి ఆపేయమను."

అమ్మమ్మకు కోపం రావాలి. వచ్చింది కూడా. గిన్నెలు కాస్త గట్టిగానే సర్దింది. తర్వాత బయటికొచ్చి, "నాకైనా చెప్పొచ్చు కదండీ" అంది. ఇంకేమీ అనలేదు. మర్నాటికి ఫ్రేములో పెళ్ళి ఫోటో ఉంది. అందులో తాతయ్యకు జుట్టు చాలా ఉంది.

* * *

అక్టోబరు చివరి గురువారం. ఖాసీం సర్టిఫికెట్ కవరులో పెట్టి, రెండు చేతులతో ఇచ్చి, కౌగిలించుకున్నాడు. కళ్ళలోకి మాత్రం చూడలేదు. తాతయ్య కవరు విప్పలేదు. లోపల ఏముందో ఆయనకు తెలియనిదా?

ఫైలు ముందు రోజే పైనుంచి దిగింది. తూరిడ్ హౌగెన్ తన మొదటి సంతకం పెట్టిన వార్డు కాగితం తెచ్చి చూపించింది. గోధుమ రంగు సబ్బుబిళ్ళ లాంటిది ఒకటి చేతిలో పెట్టి, ఇది మా ఊరి జున్ను, తియ్యగా ఉంటుంది అంది.

"ఆ డబ్బాలు వేసింది నేనేనండి" అన్నాడు తాతయ్య.

"తెలుసు. మీ ఉత్తరంలో రాశారుగా. బాగా రాశారు విద్యాసాగర్."

"థాంక్యూ తూరిడ్..." అన్నాడు. నోరు ఒప్పుకోలేదు. "గారూ" అని తగిలించాడు. పద్దెనిమిదేళ్ళు పట్టిన హోదా ఆవిడకు తిరిగి పెట్టించి తన హోదా పోగొట్టుకుంటే, ఆవిడేమో ఒట్టి పేరుతో పిలవమంటుంది. ఈ నార్వేవాళ్ళతో పడలేం బాబూ అని గొణుక్కుంటూ మెట్లు దిగాడు.

గేటు దగ్గర భూమేష్ బూటు కొట్టి నిలబడ్డాడు.

"ఆఫీసర్ సాబ్, పోతున్నరా?"

"పోతున్నానురా. కార్డు నీకే ఇవ్వాలంట కదా."

"అవ్ సార్. రూలు."

తాతయ్య తాడు మెడలోంచి తీసి, అలవాటు కొద్దీ కార్డును బోర్లా పెట్టి ఇచ్చాడు. భూమేష్ దాన్ని అలాగే, తిప్పకుండా, సొరుగులో వేసి మూసేశాడు.

"అదేంట్రా, తిప్పి చూడవా? ఎవరి కార్డో ఏంటో?"

"ఎందుకు సార్? గేట్ లిస్టుల మీ పేరు పక్కన ఏమున్నదో తొమ్మిదేండ్ల సంది రోజు సూస్తనే ఉన్న గద."

ఇంతకాలం బొటనవేలు చేసిన డ్యూటీ అంతా తాతయ్య కళ్ళ ముందు తిరిగింది.

"తెలిసే... మరి రోజూ ఆ సెల్యూటెందుకు కొట్టేవురా? ఆఫీసర్ సాబ్ ఏంటి?"

భూమేష్‌కు ఆ ప్రశ్నే వింతగా అనిపించింది.

"నా కార్డు మీద కార్పెంటర్ అనుంది సార్. మీరెప్పుడన్న నన్ను కుర్చీ జేసియ్యుమన్నరా?"

తాతయ్య బొటనవేలు ఎప్పటిలాగే ఛాతీ మీదికి వెళ్ళి, తిప్పడానికేమీ దొరక్క, చొక్కా గుండీ పట్టుకుని ఆగిపోయింది.

"ఈ ముక్క తొమ్మిదేళ్ళ క్రితమే చెప్పి ఏడవచ్చు కదరా!" అన్నాడు.

"మీరు అడగలే గద సార్" అని భూమేష్ మరోసారి బూటు కొట్టాడు.

అల్ హిలాల్ వచ్చేదాకా టాక్సీలో తాతయ్య ఆ భూమేష్‌ను తిట్టుకుంటూనే ఉన్నాడు. జున్ను మాత్రం దారిలోనే సగం తినేశాడు.